లైటు స్విచ్చి వెనక వైరు

వరంగల్, పోచమ్మమైదాన్
2024 జూన్ 18

ఉప్పలయ్య బావకు మహిపాల్ దండాలు.

కవరు మీద నా పేరు చూసి కూడా చించి పారేయకుండా విప్పావంటే నాకు అదే చాలు. అక్క పోయినప్పుడు వచ్చాను గాని, నువ్వు నా వైపు చూడకపోయేసరికి వాకిట్లో నుంచే తిరిగిపోయాను. ఐదేళ్లయింది. నీ అడ్రసు నవ్య ఇచ్చింది. "మామా, ఫోన్ జేస్తె నాయిన ఎత్తడు. కాయితం రాస్తె సదువుతడేమో" అన్నది.

సంగతేమిటంటే, రాంచందర్ సేటు పికప్ మళ్లీ నా షెడ్డుకు వచ్చింది. నువ్వు పదిహేడేళ్లు నడిపిన బండి, ఆ డెబ్బై ఎనిమిది మోడల్ జీపు పికప్పే. యాక్సిడెంట్ కేసు అయిపోయాక సేటు దాన్ని గోదాములో పెట్టి తాళం వేశాడు కదా. ఇన్నేళ్లూ అక్కడే ఉంది. సేటు పోయాడు. కొడుకు అనిల్ హన్మకొండలో దర్రీల షోరూం పెడుతున్నాడు. కొత్తవాడ మగ్గాల మీద నేసిన దర్రీలు ఊరూరికీ మోసిన బండి అని చెప్పి దీన్ని కొత్తదానిలా చేయించి షోరూం ముందర నిలబెడతాడట. ఇంజను పని వేరేవాళ్లది. డ్యాష్‌బోర్డు, వైరింగ్ నాకు ఇచ్చాడు.

బండిని చూస్తే ఏడుపొచ్చింది బావా. మీటర్ల అద్దాలు పగిలాయి. సీటు కింద ఎలుకలు గూడు కట్టాయి. వైర్లన్నీ ఒకటే నలుపు, ఏది ఎక్కడికి పోతుందో తెలియడం లేదు. డ్యాష్‌బోర్డు కింద నువ్వు పెట్టించుకున్న చిన్న స్విచ్చులు రెండున్నాయి చూడు, అవి దేనికో నాకు గుర్తు లేదు. నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. రెండు ముక్కలు రాసి పంపు.

నీ బామ్మర్ది
మహిపాల్

ఏటూరునాగారం
2024 జూలై 3

మహిపాల్‌కు,

ఎడమ స్విచ్చి వెనక సరుకు వేసే డాలాలో బల్బుది. పొద్దుగూకాక సరుకు దించేటప్పుడు వేసేవాణ్ణి. కుడి స్విచ్చికి వైరు ఉండదు, వెతక్కు. అనిల్ చిన్నప్పుడు నా పక్కన కూర్చుని అన్నీ నొక్కుతుండేవాడు. హారన్ నొక్కి నొక్కి నా చెవులు తినేవాడు. వాడు నొక్కుకోవడానికే అది పెట్టించాను. ఈ సంగతి వాడికి చెప్పకు.

డీజిల్ ముల్లు సగం దగ్గర ఆగుతుంది. అద్దం మీద వేలితో కొడితే దిగుతుంది. ఛార్జింగ్ ముల్లు ఎప్పుడూ కొంచెం వణుకుతుంది, అది జబ్బు కాదు. వేడి చూపించే మీటరు నేను ఎక్కేసరికే పనిచేయదు. నేను బానెట్ మీద చెయ్యి పెట్టి చూసుకునేవాణ్ణి.

బండి నాకేమీ అన్యాయం చేయలేదు. అందుకని రాశాను.

ఇక్కడ ఫారెస్టు నర్సరీలో మొక్కలకు నీళ్లు పెడుతున్నాను. నవ్య దవాఖానలో నర్సు. ఇద్దరం బాగానే ఉన్నాం. ఇక్కడ ఫోన్ సరిగా పలకదు. అడిగేదుంటే రాయి.

ఉప్పలయ్య

వరంగల్
2024 ఆగస్టు 11

బావా,

నీ ఉత్తరం షెడ్డులో గోడకు గుచ్చి పెట్టుకుని పని చేశాను. నువ్వు రాసిందంతా అక్షరాలా నిజం. మీటర్లు ఊడదీయక ముందు చూస్తే డీజిల్ ముల్లు సగం దగ్గరే ఆగి ఉంది. వేలితో కొడితే దిగింది. నాకు నవ్వొచ్చింది.

డ్యాష్‌బోర్డు రేకు మొత్తం ఊడదీసి, తుప్పు గీకి, పాత ఆకుపచ్చ రంగే వేయించాను. మీటర్లు హైదరాబాద్ పంపి బాగు చేయించాను. వేడి మీటరు కూడా ఇప్పుడు పనిచేస్తోంది. వైరింగ్ అంతా కొత్తది లాగాను. ఒక్కో పనికి ఒక్కో రంగు, ప్రతి లైనుకూ ఫ్యూజు. రేకులో వైరు దూరే ప్రతి బెజ్జానికీ రబ్బరు బుష్ వేశాను. నిన్న సాయంత్రం హెడ్‌లైట్లు వేసి చూశాను. ఎదురు గోడ తెల్లగా మెరిసిపోయింది.

నువ్వు వద్దన్నా కుడి స్విచ్చి సంగతి అనిల్‌కు చెప్పాను, తప్పుగా అనుకోకు. అతను చాలాసేపు ఆ స్విచ్చినే నొక్కుతూ కూర్చున్నాడు. తర్వాత "ఆ డ్రైవర్ తాత ఉన్నడా ఇంకా?" అన్నాడు. ఉన్నాడన్నాను. "అయితె ఓపెనింగ్‌కు పిలువు. ఖాకీ డ్రెస్ నేను కుట్టిస్త. స్టీరింగ్ పట్టుకొని కూసుంటె ఫొటో మంచిగొస్తది" అన్నాడు. నవంబర్ ఇరవై నాలుగున ముహూర్తం. రావాలి బావా. జరిగిందేదో జరిగిపోయింది. ఎన్నాళ్లని మనసులో పెట్టుకుంటావు? మనిద్దరికీ వయసు మీద పడింది.

మహిపాల్

ఏటూరునాగారం
2024 ఆగస్టు 30

మహిపాల్‌కు,

నాకు ఖాకీ డ్రెస్ కుట్టిస్తాడా అనిల్? నా ఖాకీ డ్రెస్ నేను జైలుకు పోయేనాడు మీ అక్క బీరువాలో పెట్టింది. దాన్ని మళ్లీ తీయలేదు.

జరిగిందేదో జరిగిపోయిందని రాశావు. ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. నీకు తెలుసా?

నేను గుర్తున్నంత వరకు రాస్తాను. రెండు వేల మూడు, జూలై నెల. జనగామలో నూలు బేళ్లు వేసుకుని వరంగల్‌కు తిరిగొస్తున్నాను. మధ్యాహ్నం తెలిసినవాళ్లింట్లో రెండు గ్లాసుల కల్లు తాగాను. దాచలేదు, పోలీసులకూ చెప్పాను, కోర్టులోనూ చెప్పాను. స్టేషన్ ఘన్‌పూర్ దాటేసరికి పొద్దు గూకుతోంది. పైన మబ్బు పట్టింది, సన్నటి జల్లు మొదలైంది. లైట్లు వేశాను. వెలిగాయి. కొంతదూరం పోయాక కాలిన రబ్బరు వాసన వచ్చింది. మలుపు తిరుగుతుండగానే లైట్లు రెండూ ఆరిపోయాయి. మీటర్ల వెనక బల్బులు కూడా పోయాయి. కళ్ల ముందు ఏమీ లేదు. బ్రేకు తొక్కాను. అద్దం మీద గడ్డిమోపు వచ్చి పడింది. అది గడ్డి మాత్రమే అనుకున్నాను. దిగి చూస్తే సైకిల్, సైకిల్ కింద ఆ మోపు వేసుకుని పోతున్న కొమురయ్య.

కాలిన వాసన వచ్చింది, లైట్లు పోయాయి అని చెప్పాను. "ముందు నీ నోట్లె వాసన సంగతి జెప్పు" అన్నాడు ఎస్సై. మర్నాడు బండిని తనిఖీ చేయడానికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. స్విచ్చి లాగాడు. రెండు లైట్లూ భగ్గున వెలిగాయి. నువ్వు పక్కనే ఉన్నావు. "వైరింగ్ నేనే జేసిన సార్. రెండు నెల్లు గూడ కాలే. ఒక్క లోపం లేదు" అన్నావు. స్టేషన్ లోపల ఉన్న నాకు వినిపించింది. బయట నిలబడ్డ మీ అక్క పూలమ్మకూ వినిపించింది.

ఏడాదిన్నర జైలు. లైసెన్సు పోయింది. తాగి మనిషిని చంపినవాడికి స్టీరింగ్ ఎవరిస్తారు? అందుకే ఈ అడవికి వచ్చి బతుకుతున్నాను.

నీకు ఒక్క మాట రాస్తాను, ఇది ఎవరికీ చెప్పలేదు. కొన్నేళ్లకు నేను కూడా నన్ను నమ్మడం మానేశాను. ఇంతమంది ఒకటే మాట అంటుంటే నిజంగానే కల్లు మత్తులో లైట్లు వేయడం మరిచానేమో, ఆ వాసన కూడా నేను కల్పించుకున్నదేమో అనుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆ డ్యాష్‌బోర్డు ఊడదీసింది నువ్వు. లైటు స్విచ్చి వెనక చెయ్యి పెట్టింది నువ్వు. అక్కడ ఏమున్నది? రబ్బరు బుష్‌ల గురించి రాశావు, మీటర్ల గురించి రాశావు. దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఉప్పలయ్య

వరంగల్
2024 అక్టోబర్ 5

బావకు,

ఆలస్యమైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను.

నువ్వు చెప్పింది నిజం. లైట్లు పోయాయి.

స్విచ్చికి కరెంటు తెచ్చే వైరు రేకు బెజ్జంలో నుంచి వస్తుంది. ఆ బెజ్జానికి రబ్బరు లేదు. బండి అదురుకు వైరు మీది తోలు రాసుకుని రాసుకుని పోయింది. లోపలి రాగి బాడీకి తగిలింది. తగలగానే ఫ్యూజు ఎగిరిపోవాలి. ఫ్యూజు ఉంటే కదా! దాని చోట రాగి తీగ చుట్టి ఉంది. అందుకే ఫ్యూజుకు బదులు వైరే కాలింది. పైగా అది సన్న వైరు, హెడ్‌లైట్ల భారం మోసేది కాదు.

ఆ తీగ చుట్టింది నేనే. ఆ సన్న వైరు వేసిందీ నేనే. మే నెలలో బండి నా దగ్గరికి వచ్చిన రోజు నీకు గుర్తుండాలి. సేటు గంటగంటకూ మనిషిని పంపాడు. "సరుకు ఆగిపోయింది, ఇయ్యాల బండి ఇయ్యాలె" అని. షెడ్డులో ఉన్న వైరుతో కానిచ్చాను. "ఆదివారం తీస్కరా బావా, మంచి వైరు ఏస్త" అని నీతో అన్నాను. ఆ ఆదివారం నువ్వు లోడు మీద పోయావు. తర్వాత నేనూ మరిచాను.

ఇప్పుడు డ్యాష్‌బోర్డు విప్పి చూసేదాకా నాకు తెలియదు బావా. పాత వైరింగ్ అంతా పాత సామాను బండికి వేసేశాను. దాన్ని కళ్ల ముందు ఉంచుకోలేకపోయాను.

నిన్ను క్షమాపణ అడుగుతున్నాను.

మహిపాల్

ఏటూరునాగారం
2024 అక్టోబర్ 16

మహిపాల్‌కు,

జైలు నుంచి వచ్చాక నేను ఒక్క చుక్క తాగలేదు. పెళ్లిలో గాని, చావులో గాని, పండుగనాడు గాని తాగలేదు. అయినా మీ అక్క రోజూ సాయంత్రం నేను ఇంటికి రాగానే దగ్గరికొచ్చి నా నోరు వాసన చూసేది. ఒక్క మాట అనేది కాదు. వాసన చూసి, చెంబుతో నీళ్లిచ్చి, అన్నం పెట్టేది. పద్నాలుగేళ్లు చూసింది. చివరికి మంచాన పడి లేవలేకపోతే, నేనే వంగేవాణ్ణి.

"లైట్లు పోయినయే పూలా" అని నేను చెప్పినప్పుడల్లా ఒకటే మాట అనేది. "నా తమ్ముడు అబద్ధమాడడు."

పాత వైరు పారేశాక నాకు రాశావు. ముందు రాయలేదు. సరే.

ఒకటి అడుగుతాను. మలుపు దగ్గర కాలి తెగిపోయిన వైరుతో, మర్నాడు ఇన్‌స్పెక్టర్ స్విచ్చి లాగితే లైట్లు ఎట్లా వెలిగాయి?

ఉప్పలయ్య

వరంగల్
2024 నవంబర్ 9

బావా,

ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నువ్వు అడిగావు కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. చదివి కాల్చేయి.

ఆ పొద్దున సేటు నన్ను పిలిపించాడు. బండి పోలీస్ స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద ఉంది. నువ్వు లోపల ఉన్నావు. ఇన్‌స్పెక్టర్ పది గంటలకు వస్తాడన్నారు. "జర సూడు మహిపాల్, వైరింగ్ మంచిగున్నదా?" అన్నాడు సేటు. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టాను. వేళ్లకు కరిగిన తోలు అంటుకుంది. చూడాల్సిన పని కూడా లేకపోయింది. నా చేతి పని నాకు తెలుసు.

సేటుకు చెప్పాను. ఆయన మెల్లగా అన్నాడు. "బండి బాగలేదంటె కేసు నా మీదికొస్తది, నీ మీదికొస్తది. ఆయన ఎట్లాగూ కల్లు తాగిన అని ఒప్పుకున్నడు. ఒక్కని మీదికి పోయేదాన్ని ముగ్గురి మీదికి తెచ్చుడెందుకు?"

నేను కాలిన ముక్క కోసేసి, రెండు కొసలూ కలిపి మెలేసి, టేపు చుట్టాను. ఐదు నిమిషాల పని. ఇన్‌స్పెక్టర్ వచ్చి స్విచ్చి లాగాడు. తర్వాతది నీకు తెలుసు.

షెడ్డు పెట్టి నాలుగు నెలలు కాలేదు బావా అప్పటికి. నా వైరింగ్ వల్ల మనిషి పోయాడంటే నా దగ్గరికి మళ్లీ ఒక్క బండి రాదు. జైలుకే పోతానేమో. నీకు జుర్మానా వేసి వదిలేస్తారు అనుకున్నాను. ఏడాదిన్నర అని జడ్జి చదివినప్పుడు లేచి చెప్పాలనుకున్నాను. లేవలేదు.

ఇంకొకటి కూడా ఉంది, నాతోనే పోవాలనుకున్నది. నిన్ను జైలుకు తీసుకుపోయినాక అక్క నా ఇంటికొచ్చింది. గడపలోనే నిలబడి, నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "తమ్మీ, నా మీద ఒట్టేసి జెప్పు. ఆయన జెప్పినట్టు లైట్లు పోయినయా?" అన్నది. "లేదక్కా" అన్నాను. అక్క చెయ్యి వదిలేసి పోయింది.

నీ కాళ్లు పట్టుకుంటాను బావా. ఏటూరునాగారం వచ్చి పట్టుకుంటాను. కానీ ఇది బయటికి రానీయకు. ఇరవై ఏళ్లుగా ఈ షెడ్డే మా బతుకు. నా బిడ్డ దీప్తి కూడా నా దగ్గరే పని నేర్చి, ఇప్పుడు బోర్డు మీద తన పేరు కూడా రాయించుకుంది. కొమురయ్య ఎట్లాగూ తిరిగి రాడు. అక్కా రాదు. తెలిసి ఇప్పుడు ఎవరికి ఏం లాభం?

ఇరవై నాలుగున అనిల్ నీకోసం చూస్తుంటాడు. నిన్ను తీసుకురావడానికి కారు పంపుతానన్నాడు.

మహిపాల్

ఏటూరునాగారం
2024 డిసెంబర్ 4

ఎలక్ట్రీషియన్ మహిపాల్‌కు,

నీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. నవ్య ఒకసారి చదివింది. చదివి, మడిచి నా చేతికిచ్చి, పొయ్యి దగ్గరికి పోయింది. కూర మాడిన వాసన వచ్చేదాకా అక్కడే ఊరికే నిలబడి ఉంది. "అమ్మకు తెల్వకుండనే పోయింది నాయినా" అన్నది.

అనిల్ పంపిన కారును వెనక్కి పంపాను. నవ్య తన ఫోనులో ఫొటో చూపించింది. బండికి పూలదండలు, లైట్లు వెలుగుతున్నాయి, ఎవరో ఖాకీ డ్రెస్సులో కూర్చున్నారు. పని బాగా చేశావు. పదిహేడేళ్లలో ఆ డ్యాష్‌బోర్డును అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు.

నా కాళ్లు పట్టుకుంటానన్నావు. నా కాళ్లకు వేరే పని పడింది. మొన్న ఆదివారం బస్సెక్కి స్టేషన్ ఘన్‌పూర్ పోయాను. అక్కడ దిగి కొమురయ్య ఊరికి నడిచాను. ఇరవై ఒక్క ఏళ్లలో ఆ ఊళ్లో కాలు పెట్టడం అదే మొదలు.

కొమురయ్య భార్య మల్లక్క అరుగు మీద కూర్చుని పత్తి ఏరుతోంది. జుట్టంతా నెరిసింది. "ఎవరు?" అన్నది. "ఉప్పలయ్యను. పికప్ డ్రైవర్‌ను" అన్నాను. ఆమె చేతులు పత్తిలోనే ఆడుతున్నాయి. లోపలి నుంచి కొడుకు రాంప్రసాద్ వచ్చాడు. తండ్రి పోయినప్పుడు వాడికి ఐదేళ్లు. నన్ను పోల్చుకోలేదు. తల్లి చెప్పగానే గడప దిగి మీది మీదికి వచ్చాడు. "ఏం మొఖం పెట్టుకొని వచ్చినవ్?" అన్నాడు. నేను నీ ఉత్తరం ఇచ్చాను.

వాడు నిలబడే పైకి చదివాడు. వేపచెట్టు కింద నువ్వు వైరు మెలేసిన దగ్గర ఆగాడు. "సదువు" అన్నది మల్లక్క. మీ అక్క తల మీద ఒట్టు దగ్గర మళ్లీ ఆగాడు. "సదువు బిడ్డా" అన్నది.

అయిపోయాక నేనన్నాను. "మల్లక్కా, నేను తాగి గుద్దలే. లైట్లు పోయినయి. గది జెప్పుదామనే వచ్చిన."

ఆమె చేతిలో పత్తి పక్కన పెట్టింది. "ఇరవై ఒక్క యేండ్లు, పొద్దుగాల లేస్తె నీ పేరు పెట్టి తిట్టుకుంట బతికిన. నీ పెండ్లం సచ్చిందని ఇన్ననాడు, నాకు మంచిగనిపించింది. తిట్టి తిట్టి నోరలిసింది. గిప్పుడొచ్చి పేరు మార్చుమంటవా?"

నిజం బయటపడిన రోజు గుండె మీది బరువు దిగుతుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. దిగలేదు. ఆమెకు మేలు చేయడానికి పోయానని దారంతా అనుకున్నాను, అదీ కాదు. నా కోసమే పోయాను. ముసలితనంలో ఆమె చేతిలో ఉన్న ఒక్క సంగతీ గుంజుకుని వచ్చాను.

లేచి వస్తుంటే రాంప్రసాద్ "గా కాయితం ఈడ వెట్టి పో" అన్నాడు. పెట్టాను. ముందటి ఉత్తరం కూడా ఇచ్చాను, ఫ్యూజు గురించి రాసింది. అప్పుడు మల్లక్క అడిగింది. "గా వైరు పెట్టినాయన యాడుంటడు?"

పోచమ్మమైదాన్ అని చెప్పాను. బస్సు ఎక్కడ దిగాలో, ఏ సందులోకి తిరగాలో, బోర్డు మీద ఏం రాసి ఉంటుందో చెప్పాను. ఆమె తల ఊపింది. ఎప్పుడు వస్తానని అనలేదు. వస్తానని కూడా అనలేదు.

నాకు ఇంక రాయకు. నువ్వు చెప్పాల్సింది మిగిలి ఉంటే అది నాకు కాదు. మల్లక్కకు చదువు రాదు. ఆమెకు ఎదురుగా నిలబడి నోటితోనే చెప్పాలి.

ఉప్పలయ్య